ప్రపంచమంతా కొందామన్న లీవా

తెల్లాకు అనే కూర చీకట్లో పెరుగుతుంది. శరత్కాలంలో తవ్వి తీసిన వేళ్ళను షెడ్డులో నిలువుగా పక్కపక్కన పాతి, పైన మట్టి, మట్టి మీద గడ్డి, గడ్డి మీద రేకులు కప్పి వదిలేస్తారు. మూడు నాలుగు వారాలు ఎవరూ చూడకూడదు. ఒక్క గీత వెలుతురు తగిలినా ఆకు పచ్చబడుతుంది, చేదెక్కుతుంది. లీవా నలభై ఏళ్ళు ఈ పని చేసింది. అందుకేనేమో ఆమె మాటలు కూడా చాలా రోజులు మట్టి కింద ఉండి, ఎప్పుడో ఒకనాడు తెల్లగా, గట్టిగా బయటికి వచ్చేవి.

పూర్తి పేరు గోదెలీవా వాన్ రోస్‌బ్రుక్. అరవై ఏడేళ్ళు. బెల్జియంలో లూవెన్ నుంచి మెఖెలెన్ వెళ్ళే కాలువ గట్టున ఎర్రిటుకల ఇల్లు, వెనక పొడవాటి షెడ్డు. పిల్లలు లేరు. భర్త ఉర్‌బాన్ పోయి తొమ్మిదేళ్ళయింది. పొలం కౌలుకిచ్చేసి, షెడ్డులో ఒక్క మడి మాత్రం తనకోసం ఉంచుకుంది. ఆ మడిలో పండేది సగం తను తినేది, సగం రోజా నడిపే కేఫ్‌కు ఇచ్చేది. రోజా ఆ తెల్లాకు ముడులకు హామ్ చుట్టి, పైన చీజు పోసి, పొయ్యిలో ఎర్రగా కాల్చి పెడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ వాసనకు చర్చి నుంచి వచ్చేవాళ్ళు దారి తప్పుతారు.

మిగతా రోజుల్లో లీవా గొంతు రేడియోకు జవాబు చెప్పడానికే పనికొచ్చేది. వాతావరణం చెప్పే మనిషి "మధ్యాహ్నం జల్లులు" అంటే, "చూద్దాంలే" అనేది. ఆ తర్వాత మళ్ళీ కాలువ మీద పడవ వెళ్ళేదాకా ఇంట్లో శబ్దం ఉండేది కాదు. కానీ నెలలో మొదటి గురువారం ఉంది. ఆ రోజు ఆమె నీలం కోటు తొడుక్కుని, జుట్టు దువ్వుకుని, మినిట్సు పుస్తకం చంకలో పెట్టుకుని సాయంత్రం ఏడింటికి రోజా కేఫ్ వెనకగదికి వెళ్ళేది.

అక్కడ కలిసి షేర్లు కొనే క్లబ్బు కూర్చునేది. పదకొండు మంది. దాని పేరుకు వాళ్ళ భాషలో ఓపిక అని అర్థం. పంతొమ్మిదేళ్ళ కిందట ఉర్‌బాన్, అతని స్నేహితుడు ఫిర్మిన్ కలిసి మొదలుపెట్టారు. ఒక్కొక్కరు నెలకు యాభై యూరోలు వేస్తారు. ఇంకా ఎక్కువ వేస్తానంటే వద్దనరు, ఎవరి వాటా వాళ్ళకు రాసి ఉంటుంది. వంతు వచ్చినవాళ్ళు ఒక కంపెనీని ఎంచి, దాని కథంతా చదివి వచ్చి చెప్తారు. ప్రశ్నలు, వెక్కిరింతలు, బీరు. చివర్లో ఫిర్మిన్ టోపీలో గింజలు వేస్తారు. గోధుమరంగు చిక్కుడు గింజ అయితే కొందాం, తెల్ల గింజ అయితే వద్దు. ఉర్‌బాన్ పోయాక కార్యదర్శి పని లీవాకు వచ్చింది. గింజలు లెక్కపెట్టేది, ఎవరు ఏమన్నారో రాసేది ఆమే. ఆ పుస్తకంలో ఎవరి నవ్వు ఏ నెలలో వినిపించిందో కూడా ఆమెకు గుర్తు.

ఫిర్మిన్ అధ్యక్షుడు. డెబ్బై నాలుగేళ్ళు, పొడుగాటి మనిషి, మోకాలి నొప్పి. కూరగాయల వేలంశాలలో ముప్పయ్యారేళ్ళు కొనుగోలు పని చేశాడు. అక్కడ గోడ మీద పెద్ద గడియారం ఉంటుంది. ముల్లు పై ధర నుంచి కిందికి జారుతూ వస్తుంది. ముందుగా మీట నొక్కినవాడిదే సరుకు. తొందరపడితే ఎక్కువ పెట్టాలి, ఆలస్యం చేస్తే బండి ఇంకొకడి ఇంటికి వెళ్తుంది. మీట నొక్కే తన కుడి బొటనవేలి మీద ఫిర్మిన్‌కు ఉన్న నమ్మకం చర్చి మీద కూడా లేదు. షేర్లు కొనడమూ అదే పనని అతని అభిప్రాయం.

ఇంకో అభిరుచి కూడా ఉంది అతనికి. వాటాదారుల వార్షిక సమావేశాల్లో భోజనం బాగా పెట్టే కంపెనీలంటే ఇష్టం. ఒక్క షేరున్నా లోపలికి రానిస్తారు. క్లబ్బు కొన్న వాటిలో మూడు కంపెనీలు సాల్మన్ చేప రొట్టెల కోసమే కొన్నవని లీవాకు తెలుసు. పుస్తకంలో మాత్రం అలా రాయలేదు.

ఆ ఏడాది జనవరిలో నేలె అనే అమ్మాయి క్లబ్బులో చేరింది. ముప్పయ్యారేళ్ళు. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకు సూదిమందు వేసే నర్సు. విడాకులయ్యాయి, కూతురు చిన్నది, అందుకని పూర్తి వేళలు పని చేయలేదు. అలా తక్కువ వేళలు చేసినన్నేళ్ళూ పెన్షన్ తగ్గుతూ పోతుందని ఆమెకు తెలుసు. అందరూ యాభై వేస్తుంటే ఆమె రెండు వందల యాభై వేసేది.

మార్చి సమావేశం అయిపోయి అందరూ కోట్లు తొడుక్కుంటుంటే నేలె లీవా పక్కకు వచ్చింది.

"లీవా, ఒకటి అడగనా? తప్పుగా అనుకోకండి."

"అడుగు."

"ఇన్నేళ్ళూ మీరు ఏదీ ఎంచకుండా, ప్రపంచంలో కంపెనీలన్నీ తలా కొంచెం కొనేసి ఊరుకుని ఉంటే ఎంతయ్యేది? అలాంటి ఫండ్లు ఉంటాయంట కదా. మా ఆస్పత్రిలో ఒకతను చెప్పాడు."

లీవా పెన్ను మూత పెట్టింది. "ఎవరూ అడగలేదు" అంది.

"అంటే?"

"అంటే పంతొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు అని."

ఏప్రిల్ అంతా ఆమె ఆ ప్రశ్నతోనే గడిపింది. ఉదయం కాఫీ అయ్యాక వంటింటి బల్ల మీద మినిట్సు పుస్తకాలు, బ్రోకరు పంపిన చీటీలు, ఉర్‌బాన్ వదిలివెళ్ళిన పాత ల్యాప్‌టాప్. కిటికీ బయట ఆపిల్ పూలు ఒక్కొక్క రెమ్మా విప్పుకుంటున్నాయి. మొదటి ఏళ్ళలో అలాంటి ఫండ్లు తమలాంటివాళ్ళ చేతికి అందేవి కావు గనుక, న్యాయంగా ఉండాలని చివరి పదేళ్ళే తీసుకుంది. పదేళ్ళ కిందట క్లబ్బులో ఉన్న నూరు యూరోలు నూట నలభై అయ్యాయి. ప్రపంచ సూచీ వెంట నడిచే చవక ఫండులో ఉండి ఉంటే, ఖర్చులన్నీ పోను, రెండు వందలు దాటేవి.

రెండోసారి లెక్క వేసింది. మూడోసారి కిందినుంచి పైకి వేసింది.

పెద్ద తప్పు ఏదైనా ఉంటుందేమోనని చూసింది. ఒకటి రెండు ఉన్నాయి. కూలిపోయిన ఒక బ్యాంకు షేరు, మునిగిపోయిన ఒక ఓడల కంపెనీ. కానీ అసలు పోయింది అక్కడ కాదు. కొన్న ప్రతిసారీ బ్రోకరుకు కొంత, సర్కారుకు కొంత. అమ్మినప్పుడు మళ్ళీ అంతే. ఒక జింకు కంపెనీని నాలుగుసార్లు కొని నాలుగుసార్లు అమ్మారు. కంపెనీలు ఏటా లాభంలోంచి పంచే కూపన్లో నూటికి ముప్పై పన్ను. వాన కురిసినట్టు కాదు, మంచు పడినట్టు. చప్పుడు లేదు, పొద్దున లేచి చూస్తే గట్టు కనిపించదు.

ఆ జింకు కంపెనీని మొదట తెచ్చింది ఉర్‌బాన్. అతని ప్రసంగాన్ని ఆ నెల ఫిర్మిన్ పుస్తకంలో ఎక్కించాడు. "ఉర్‌బాన్ చాలా బాగా చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు" అని ఉంది. లీవా ఆ వాక్యం మీద వేలు పెట్టి కాసేపు కూర్చుంది. చచ్చిపోయిన మనిషి కోటు జేబులు వెతుకుతున్నట్టు అనిపించి వేలు తీసేసింది.

ఈ లెక్క బయటపెడితే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. అందరూ ఆ ఒక్క ఫండే కొంటే ఇక ఎంచేది లేదు, చర్చ లేదు, టోపీ లేదు, గింజలు లేవు. మొదటి గురువారం ఉండదు. నీలం కోటు బీరువాలోనే ఉంటుంది. బయటపెట్టకపోతే ఆ నర్సు పిల్ల నెలనెలా రెండు వందల యాభై తెచ్చి ఈ మంచులో పోస్తూ ఉంటుంది.

మూడో దారి వెతికింది లీవా. కాలువ అవతలి ముసలాయనకు ఇన్సులిన్ ఇచ్చి తిరిగొస్తున్న నేలెను కాఫీకి పిలిచింది. కాగితం చూపించింది. నేలె నిలబడే చదివి, కుర్చీలో కూర్చుంది.

"నువ్వు క్లబ్బులోంచి బయటికి పో" అంది లీవా. "నీ డబ్బు నీకు ఇచ్చేస్తాం. ఇదిగో, ఈ ఫండు కొనుక్కో. ఎవరికీ చెప్పకు."

"ఎవరికీ చెప్పకుండానా? మరి ఫిర్మిన్‌కు?"

"ఫిర్మిన్‌కు డెబ్బై నాలుగు. ఆయనకు గడియారం కావాలి."

"మీకేం కావాలి?"

లీవా కాఫీ కెటిల్ ఎత్తింది. అందులో కాఫీ లేదని తెలిసి మళ్ళీ పెట్టేసింది.

"నాకు గురువారం కావాలి" అంది.

నేలె నవ్వలేదు. "నేను రోజుకు పద్దెనిమిది ఇళ్ళకు వెళ్తాను లీవా. ప్రతి ఇంట్లోనూ నాకో రహస్యం చెప్పి, ఎవరికీ చెప్పకు అంటారు. నాకింక చోటు లేదు. మీరే చెప్పండి అందరికీ. మే నెల వంతు మీదే కదా?"

నిజమే. మే నెల వంతు ఆమెదే.

ఆ గురువారం వెనకగది కిటికీలు తెరిచి ఉన్నాయి. బయట కూరగాయల మళ్ళ మీద పొద్దు ఇంకా పచ్చగానే ఉంది. ఫిర్మిన్ గ్లాసు మీద కత్తితో టింగుమని కొట్టి, "ఈసారి మన కార్యదర్శిగారి కంపెనీ. ఏం తయారు చేస్తుందో?" అన్నాడు.

"అన్నీ" అంది లీవా.

"అన్నీ అంటే?"

"సబ్బులు, విమానాలు, మందులు, చాక్లెట్లు, జపాన్ కార్లు, అమెరికా కంప్యూటర్లు. మూడు వేల కంపెనీలు. ఏవి పెద్దవో అవి ఎక్కువ, చిన్నవి తక్కువ. ఎవరూ ఎంచరు. జాబితా ఎలా ఉంటే అలా కొంటారు. ఏటా ఖర్చు నూటికి ఇరవై సెంట్లు."

"ఎంచకపోతే దాన్ని ఏమంటారు? సంతలో అన్ని బుట్టలూ కొనేసేవాణ్ణి మా వేలంలో పిచ్చివాడు అంటారు. కుళ్ళిన క్యాబేజీ కూడా వస్తుంది లీవా!"

"వస్తుంది. మంచివీ వస్తాయి. ఏది కుళ్ళుతుందో మనకు ముందు తెలీదుగా. తెలిస్తే ఓడల కంపెనీ కొనేవాళ్ళమా?"

"అబ్బా, ఓడ మాట ఎత్తకు" అన్నాడు ఆఖీల్. ఆ ఓడల కంపెనీని తెచ్చింది అతనే. రిటైరైన బేకరీవాడు. ఎప్పుడు నవ్వినా మీసాల్లోంచి పిండి రాలుతుందేమో అనిపిస్తుంది.

లీవా కాగితం తిప్పింది. తన లెక్క చదివింది. నూట నలభై, రెండు వందలు. ఎవరి పేరూ చెప్పలేదు. జింకు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చదివింది. అయిపోయాక కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది.

"ధర పడితే?" అన్నాడు ఫిర్మిన్ చివరికి.

"పడుతుంది. సగానికి పడినా ఆశ్చర్యం లేదు. అప్పుడు రేకు ఎత్తి చూడకూడదు. నేలెకు ముప్పై ఏళ్ళ టైముంది. మనం మాత్రం రేపు కావలసిన డబ్బు ఇందులో పెట్టకూడదు, అంతే."

"మా బ్యాంకులో కూడా ప్రపంచ ఫండు ఉంది" అని ఒకరు అన్నారు.

"ఉంది. చూశాను. లోపల సరుకు దాదాపు ఇదే. ఏటా ఖర్చు మాత్రం తొమ్మిదింతలు, లోపలికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నూటికి ఇంకో మూడు."

ఆఖీల్ ముందుకు వంగాడు. "సరే, నాకొకటి చెప్పు. కూపన్ ఎంత ఇస్తుంది?"

"ఇదే ఫండు రెండు రకాలుగా ఉంది ఆఖీల్. ఒకటి కూపన్ ఇస్తుంది. ఒకటి ఇవ్వదు, వచ్చింది లోపలే ఉంచుకుని మళ్ళీ షేర్లే కొంటుంది. నేను రెండోది కొందామంటున్నాను."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. ఇంతవరకు విన్నదానికంటే ఇది పెద్ద దెబ్బ. ఆ వయసువాళ్ళకు కూపన్ అంటే కాగితం కాదు. ఒకప్పుడు బాండ్ల అంచున ఉండే కూపన్లను కత్తెరతో కత్తిరించి, రొట్టెల డబ్బాలో అడుగున పెట్టి, పొద్దున్నే రైలెక్కి లక్సెంబర్గ్ వెళ్ళేవాళ్ళు. అక్కడ మార్చుకుంటే పన్ను లేదు. మార్చుకుని, పెద్ద హోటల్లో భోంచేసి, సాయంత్రం రైల్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా తిరిగొచ్చేవాళ్ళు. రైలు నిండా వాళ్ళ ఊరివాళ్ళే.

"కూపన్ ఇవ్వని ఆవు ఎందుకు?" అన్నాడు ఆఖీల్.

"ఆవు కూపన్ ఇవ్వదయ్యా, పాలిస్తుంది" అని రోజా బల్ల అవతలి నుంచి కేకేసింది.

"నువ్వు గ్లాసులు చూసుకో!"

"ఆఖీల్" అంది లీవా. "నాకూ ఇష్టమే కూపన్. మాకు పెళ్ళయిన కొత్తలో ఎక్కడికీ వెళ్ళలేదు, ఆ రైలు తప్ప. ఏడాదికొక్కసారి. ఉర్‌బాన్ ఆ ఒక్కరోజే టై కట్టేవాడు. కానీ ఆ రైలు ఇప్పుడు లేదు. ఇప్పుడు కూపన్ చేతికొచ్చేలోపు నూటికి ముప్పై సర్కారు తీసుకుంటుంది. మిగిలింది పెట్టి మనం మళ్ళీ షేర్లే కొంటాం, దానికి మళ్ళీ పన్ను కడతాం. చేతిలో పట్టుకుని చూసుకోవడానికి అంత ఖర్చా?"

ఆఖీల్ మీసం నిమురుకున్నాడు.

"ఎక్కడిది ఈ ఫండు?" ఫిర్మిన్ అడిగాడు.

"ఐర్లండులో నమోదైంది."

"ఐర్లండా! వాళ్ళకు బంగాళదుంప తప్ప ఏం తెలుసు?"

"మనకు అంతకంటే ఏం తెలుసు?" అంది నేలె. అందరూ నవ్వారు.

"అమెరికా కంపెనీలు ఇచ్చేదాని మీద అక్కడ పన్ను కోస్తారు ఫిర్మిన్. ఐర్లండు ఫండుకు కోసేది లక్సెంబర్గ్ ఫండుకు కోసేదాంట్లో సగం."

"పోనీ, మన దేశంలో నమోదు చేయించినది ఏదీ లేదా? అచ్చం ఇలాంటిదే? మనవాళ్ళ ముద్ర ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

లీవా ఈ ప్రశ్న కోసమే ఒక కాగితం విడిగా ఉంచింది. "ఉంది. అదీ ఐర్లండుదే, కవల పిల్లలాంటిది. కాకపోతే ఇక్కడ కూడా పేరు రాయించుకుంది. అందుకని దాన్ని కొన్నప్పుడు కట్టే పన్ను దీనికి పదకొండింతలు."

"మన దగ్గర పేరు రాయించుకున్నందుకా?"

"అవును."

"అంటే మనల్ని నమ్మినందుకు జరిమానా!"

ఈసారి ఫిర్మిన్ కూడా నవ్వాడు. మోకాలు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. కానీ నవ్వు ఆగిన తర్వాత అతని మొహం నిదానంగా సాయంత్రం గోడలా రంగు మారింది.

"లీవా, దీన్ని కొంటే వచ్చే నెల నుంచి మనం ఎందుకు రావాలి?"

ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

"నాకు తెలీదు ఫిర్మిన్" అంది ఆమె. "అదీ లెక్క వేశాను. తేలలేదు."

టోపీ తిరిగింది. లీవా చేతిలో రెండు గింజలు ఉన్నాయి, ఒకటి గోధుమరంగుది, ఒకటి తెల్లది. ఆ తెల్ల గింజ వేస్తే ఎవరికీ తెలియదు. దాన్ని బొటనవేలితో ఒకసారి అటూ ఇటూ దొర్లించి, జేబులో వేసుకుంది. గోధుమ గింజ టోపీలో పడింది.

ఏడు గోధుమరంగువి. నాలుగు తెల్లవి.

ఫిర్మిన్ లేచి టోపీ తీసుకున్నాడు. లోపల గింజలన్నీ ఖాళీ చేసి, తల మీద పెట్టుకుని, గ్లాసులో సగం బీరు వదిలేసి వెళ్ళిపోయాడు. పంతొమ్మిదేళ్ళలో ఫిర్మిన్ గ్లాసులో బీరు మిగలడం అదే మొదలు.

ఆ నెలంతా లీవా అతన్ని చూడలేదు. పాత షేర్లు అమ్మింది, ఫండు కొంది, ఇకమీద నెలనెలా డబ్బు దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో ఆర్డరు పెట్టింది. పది నిమిషాల పని. ఆ తర్వాత షెడ్డులోకి వెళ్ళి, పంట తీసేసిన ఖాళీ మడి ముందు చాలాసేపు నిలబడింది. తెల్లాకు కాలం అయిపోయింది. కొత్త విత్తనాలు పొలంలో పడ్డాయి, అవి ఇంకా రెండాకుల మీదే ఉన్నాయి. రేడియోలో మనిషి "ఎండ" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు.

జూన్ మొదటి గురువారం నీలం కోటు తీసింది. వేసుకోవడానికి వేడిగా ఉంది. వేసుకుంది.

"వెనకగది పేకాటవాళ్ళు అడుగుతున్నారు" అంది రోజా, ఆమె లోపలికి రాగానే. "ఇవాళ చూసి చెప్తానన్నా. ఎవరూ రాకపోతే ఏం చేయమంటావ్?"

"ఇచ్చెయ్."

"ముందు కూర్చో. బీరు తెస్తా."

పావు గంట ఒక్కతే కూర్చుంది. కిటికీ చట్రంలో ఒక కొంగ, కాలువ, ఒక పడవ కొస. నేలె నర్సు బట్టల్లోనే పరుగున వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఆఖీల్, చేతిలో ఎండుద్రాక్ష రొట్టెతో. మరో ముగ్గురు. మొత్తం ఆరుగురు. లీవా మినిట్సు పుస్తకం తెరిచి, ఈ నెల ఆర్డరు వెళ్ళిందని, ఫండు నూటికి అర యూరో తగ్గిందని చదివింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"ఐపోయిందా?" అన్నాడు ఆఖీల్.

"ఐపోయింది."

"వాతావరణం బాగుంది" అన్నాడు ఇంకొకతను. అది కూడా అక్కడితో ఐపోయింది. ఆఖీల్ రొట్టెను తొమ్మిది ముక్కలు కోసి, ఎన్ని కోశాడో లెక్కపెట్టుకున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని ఫిర్మిన్ వచ్చాడు. కూర్చోలేదు. చంకలో రబ్బరు బ్యాండు వేసిన నీలం అట్ట ఫైలు ఉంది. ఎండకు కాదు గానీ చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇది క్లబ్బు సంగతి కాదు" అన్నాడు. "నా సొంతం. బ్యాంకులోది. లీవా, నువ్వు కాగితాలు చదవగలవు కదా. దీంట్లో కూడా అలాంటి... ఆ గుమ్మం, ఆ తొమ్మిదింతలు... ఉందేమో చూడు."

ఎవరూ కదల్లేదు. ఆ వైపు మనిషి తన మూత్రపిండంలో రాయి గురించి బస్టాపులో చెప్తాడు, భార్యతో పడుకోవడం మానేసిన సంవత్సరం చెప్తాడు. బ్యాంకులో ఎంతుందో మాత్రం పిల్లలకు కూడా చెప్పడు. అది శవపేటిక మూత పడ్డాకే తెలియాలి. పంతొమ్మిదేళ్ళుగా కలిసి బీరు తాగుతున్న ఆ క్లబ్బులో ఎవరికీ మరొకరి సొంత డబ్బు సంగతి తెలియదు.

"ఇక్కడ వద్దు ఫిర్మిన్" అంది లీవా మెల్లిగా. "రేపు మా ఇంటికి రా."

"రేపైతే రాను" అన్నాడు అతను. "నాకు నా సంగతి తెలుసు."

లీవా బల్ల చుట్టూ చూసింది. గ్లాసుల కింద పెట్టే గుండ్రటి అట్ట ముక్కలు దొంతరగా ఉన్నాయి. ఆ దొంతర ఫిర్మిన్ ముందుకు జరిపింది.

"ఎంతుందో ఆ అంకెల మీద ఇవి పెట్టు. నాకు ఖర్చు వరస ఒక్కటి కనిపిస్తే చాలు."

ఫిర్మిన్ కూర్చున్నాడు. రబ్బరు బ్యాండు తీశాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు మర్యాదగా కిటికీ వైపు తిరిగారు. అతను ఒక్కొక్క అంకె మీద ఒక్కొక్క అట్ట పెట్టుకుంటూ పోయాడు, గాయాలకు కట్టు కట్టినట్టు. చివరికి కాగితం మీద రాత కంటే అట్టలే ఎక్కువ ఉన్నాయి. వాటి మధ్య సందులో లీవా గోరు పెట్టి చదివింది.

"ఏటా నూటికి రెండు. పది సెంట్లు పైన. లోపలికి వెళ్ళినప్పుడు మూడు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చెప్పాలి. తేదీ మీద అట్ట పెట్టావ్."

ఫిర్మిన్ ఒక అట్ట కొంచెం ఎత్తి, తనే చూసుకుని, మళ్ళీ దించాడు. "పద్నాలుగేళ్ళు" అన్నాడు. ఆ అట్టను సరిచేసి, "మంచి మనిషి ఆ బ్యాంకతను. మా మనవరాలి పెళ్ళికి పూలు పంపించాడు" అన్నాడు.

"ఆ పూలు నువ్వే కొన్నావన్నమాట" అన్నాడు ఆఖీల్.

ఫిర్మిన్ అతని వంక చూశాడు. ఫిర్మిన్ భుజాలు కదిలాయి, తర్వాత కడుపు కదిలింది, తర్వాత బల్ల కదిలి రెండు అట్టలు జారాయి. "మూయండి, మూయండి!" అని నవ్వుతూనే రెండు చేతులూ కాగితం మీద పరిచాడు.

"ఇప్పుడు ఏం చేయాలి?" అని అడిగాడు నవ్వు ఆగాక. అలా అడగడం లీవా ఎప్పుడూ వినలేదు.

"ముందు చదువుదాం. ఇంకో పేజీ ఉంది. బయటికి రావడానికి ఖర్చుందో లేదో చూడాలి. తొందరేం లేదు."

ఆఖీల్ లేచి సైకిలు తాళం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. "నాదీ ఒకటుంది ఇంట్లో, పిండిడబ్బా వెనక. పది నిమిషాల్లో వస్తా. నాది చదవకుండా వెళ్ళకండి." గుమ్మం దగ్గర ఆగి, "నాకూ అట్టలు ఉంచండి" అన్నాడు. ఇంకొకతను తన బ్యాంకు కాగితాలు జూలైలో తెస్తాననీ, తన భార్యకు చెప్పొద్దనీ అన్నాడు. ఇంకొకామె సెప్టెంబరు తనకు కావాలంది. నేలె మినిట్సు పుస్తకం దగ్గరికి లాక్కుని పేర్లు రాసుకోసాగింది.

రోజా బీర్ల పళ్ళెంతో వచ్చి బల్ల ముందు ఆగిపోయింది. బల్ల మీద ఎక్కడా చోటు లేదు. కాగితాలు, కాగితాల మీద అట్టలు.

"అట్టలన్నీ మీరే వాడేస్తే గ్లాసులు ఎక్కడ పెట్టను? మీ నెత్తిమీదా? అవతల పేకాటవాళ్ళకేం చెప్పను?"

"ఇంకో చోటు చూసుకోమను" అన్నాడు ఫిర్మిన్.

గ్లాసులు చేతుల్లోనే పట్టుకున్నారు అందరూ. లీవా ఎడమచేతిలో గ్లాసు చల్లగా ఉంది, కుడిచేతి గోరు ఖర్చు వరస కింద ఉంది. బయట పొద్దు ఇంకా చాలా ఉంది. "తర్వాతి పేజీ తిప్పు ఫిర్మిన్" అంది ఆమె. అతను అట్టలు చెదరకుండా, మెల్లిగా తిప్పాడు.